ఏడుసార్లు విప్పిన గోతం

పోయిన నెల పొలం పాస్‌బుక్కు పని మీద ఒక ఆఫీసుకు పోయి, అందరూ చూస్తుండగా పెద్దగా నవ్వి పరువు పోగొట్టుకున్నాను. నవ్వడానికి అక్కడ ఏమీ లేదు. నా కాగితాల కట్టను మొదటి బల్ల దగ్గర ఒకాయన నాడా విప్పి చూశాడు, మళ్ళీ కట్టాడు. రెండో బల్ల దగ్గర ఒకామె విప్పింది, చూసింది, కట్టింది. మూడో బల్ల ఆయన ముందు టీ తాగి వచ్చి, ఆ తర్వాత తీరిగ్గా విప్పాడు. నాలుగో ఆయన ముడి మీద చెయ్యి వేసేసరికి నాకు ఆపుకోవడం చేతకాలేదు. పక్కన కూచున్న ముసలామె "ఏమప్పా, ఒంట్లో బాగుండాదా?" అని అడిగింది. బాగుందమ్మా, మా మిల్లులో ఒక పెద్దాయన ఉండేవాడు, ఆయన గుర్తొచ్చాడు అన్నాను. ఆమె కొంచెం దూరం జరిగి కూచుంది.

ముదిగుబ్బలో మాకు వేరుశనగ మిల్లు ఉండేది. చుట్టుపక్కల రైతులు ట్రాక్టర్లలో, బండ్లలో కాయలు తెచ్చేవాళ్ళు. మేము కొని, మిషన్‌లో వేసి పొట్టు తీసి, ఆడవాళ్ళ చేత పప్పు ఏరించి, బయటి ఊళ్ళకు పంపేవాళ్ళం. గోతాల మూతులు కుట్టడం ఆయన పని. పేరు లేకపోలేదు, కానీ ఎవరూ వాడేవాళ్ళు కాదు. అందరికీ పెద్దాయనే. మా నాయన కంటే మూడేళ్ళు చిన్నవాడు. అయినా మా నాయన కూడా పెద్దాయనా అనే పిలిచేవాడు. ఎందుకంటే మా నాయనకు పళ్ళున్నాయి, ఆయనకు లేవు.

గోతాలు కుట్టే పెద్ద సూది, అదే దబ్బళం, ఎప్పుడూ ఆయన తలగుడ్డలో గుచ్చి ఉండేది. పండగపూట ఎవరైనా ఆయన్ని కౌగిలించుకోవాలంటే ఒకసారి ఆలోచించుకోవాల్సి వచ్చేది. పురికొస చివర పెదాల మధ్య పెట్టుకుని మాట్లాడేవాడు. అసలే పళ్ళు లేవు, దానికి తోడు పురికొస. ఏం చెబుతున్నాడో సగంమందికి అర్థమయ్యేది కాదు. తిట్టేటప్పుడు మాత్రం పురికొస తీసి చేత్తో పట్టుకునేవాడు, తిట్టు ఒక్క అక్షరం కూడా పోకుండా అందాలని. అందుకని ఆయన చెయ్యి నోటి దగ్గరికి పోయిందంటే మిల్లులో అందరం సర్దుకుని నిలబడేవాళ్ళం.

కుట్టు మాత్రం చూడాలి. రెండు మూలల్లో రెండు చెవులు తీసి, వాటి మధ్య ఎనిమిది కుట్లు వేసి, చివర ఒక ముడి. ఆ చెవులు పట్టుకుని హమాలీలు గోతాన్ని ఎత్తి విసిరినా ఒక్క కాయ రాలేది కాదు. ఆయన తొందరపడటం నేనెప్పుడూ చూడలేదు. "తొందరగా కుట్టిన గోతం యాడో దోవలో నోరు తెరుస్తాది సామీ, సావుకార్ల మాదిరి" అనేవాడు. సావుకారు ఎదురుగా ఉన్నప్పుడే అనేవాడు.

రోజూ పొద్దున గేటులోకి రాగానే ఆకాశం వైపు చూసి, రేడియోలో వార్తలు చదివినట్టు చెప్పేవాడు. "ఈ పొద్దు వాన రాదు. రేపు కూడా రాదు. ఎల్లుండి సంగతి నేను సెప్పలేను, నాకి ఇంట్లో పనుండాది."

ఇంకో సంగతి. వేరుశనగ మిల్లులో వేరుశనగ తినని మనిషి ఆయనొక్కడే. ఎవరైనా గుప్పెడు ఇవ్వబోతే నోరు తెరిచి చిగుళ్ళు చూపించేవాడు. "పండ్లుండేవాళ్ళు పరీచ్చలు చేసుకోండప్పా. మాబోటోళ్ళం కుట్టుకుంటాం" అని సూది అందుకునేవాడు. ఆ మాటలో ఎంత ఉందో ఆ రోజుల్లో నాకు తెలియలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. విత్తనం వేసినప్పుడు నాలుగు చినుకులు ఊరించి, కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు మాయమైపోయేది. చెట్లు పశువుల మేతకు తప్ప ఎందుకూ పనికి రాలేదు. చాలామంది గొర్రెలు కొనుక్కుని వాటి వెనక పడ్డారు. మిల్లు ఏడాదిలో ఒక నెల ఆడితే ఎక్కువ. మిషన్ గరాటులో పిచ్చుకలు గూళ్ళు పెట్టాయి. వారానికోసారి తుప్పు పట్టకుండా తిప్పాలంటే ముందు వాటికి నచ్చజెప్పాల్సి వచ్చేది.

ఆ వచ్చిన నాలుగు బండ్లలో కూడా రెండు మమ్మల్ని దాటి బత్తలపల్లె దారి పట్టేవి. అక్కడ ఎవరో కొత్త మిల్లు పెట్టారు. మా దగ్గర రైతు ఈ పొద్దు వస్తే, రేపు మధ్యాహ్నానికి గానీ బయటపడేవాడు కాదు. అక్కడ కుట్టేవాళ్ళు ఎక్కువ, ఒక్క రోజులో పనవుతుందని చెప్పుకునేవాళ్ళు. మా నాయన ఒకరోజు అన్నం తింటూ తేల్చేశాడు.

"ఇంకొక్క పంట సూస్తా. అప్పటికీ రైతులు బత్తలపల్లె దోవ పట్టినారంటే మిషన్ పాత ఇనుముకేసి షెడ్డుని పెండ్లిండ్ల మండపం సేసేస్తా. పెండ్లిండ్లకి వానతో పనిల్యా."

ఉత్త మాట కాదు. రెండు రోజుల తర్వాత ఒక మనిషి టేపు పట్టుకుని వచ్చి, వంటలు ఎక్కడ, భోజనాలు ఎక్కడ అని షెడ్డంతా కొలుచుకుని పోయాడు. పప్పు ఏరే ఆడవాళ్ళు ఇరవై మంది ఉండేవాళ్ళు. మిల్లు మూస్తే వాళ్ళందరూ బెంగుళూరు బస్సెక్కి ఇటుకలు మోయాల్సిందే. వాళ్ళ పెద్ద ఓబులమ్మ ఆ టేపు మనిషిని గేటు దాకా సాగనంపి, "పెండ్లికూతుర్ని యాడ కూచోబెడతావో కొలుసుకున్యావా? మా పిల్లోళ్ళని యాడ కూచోబెట్టాల్నో అది గూడా కొలుసుకో" అంది. వాడు టేపు చుట్టుకోవడం కూడా మరిచిపోయి ఈడ్చుకుంటూ వెళ్ళాడు.

నేను అనంతపురంలో బీకాం చదివి, ఆ తర్వాత పోస్టులో ఒక మేనేజ్‌మెంట్ డిప్లొమా తెప్పించుకున్నవాణ్ణి. ఇదే నా సమయం అనుకున్నాను. పని లేని రోజుల్లోనే పనిని బాగు చేసుకోవాలని ఆ పుస్తకాల్లో రాసి ఉంది. రాసి ఉన్నంత మేరకు నేను చేశాను కూడా. అట్టల మీద ఎర్ర ఇంకుతో 'వేగం', 'నాణ్యత', 'క్రమశిక్షణ' అని రాసి గోడలకు తగిలించాను. పెద్దాయన వచ్చి ఒక్కో అట్ట ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, గుళ్ళో నిలబడ్డట్టు.

"ఇవి ఎవురు సదవాల సామీ?"

"అందరూ చదవాల."

"మిల్లులో సదువొచ్చింది నీకొక్కనికే గదప్పా. నీ రూములోనే తగిలించుకో, నువ్వే సదువుకో."

నాకు ఒళ్ళు మండింది. అయినా అట్టలు తియ్యలేదు. ఆ తర్వాత నా అనుమానం మిషన్ మీదికి పోయింది. మా తాత కాలం నాటి మిషన్, అదే ఆలస్యం చేస్తోందని గట్టి నమ్మకం. మిగిలిన కొద్ది కాయలు వేసి, చేతిలో గడియారం పట్టుకుని వారం రోజులు దాని పక్కనే నిలబడ్డాను. అది నా మీద కక్ష కట్టినట్టు చక్కగా ఆడింది. పెద్దాయన ఒక పాత గోతానికి మాసిక వేసుకుంటూ చాలాసేపు నన్ను చూశాడు.

"ఏమి కొలుస్తాండావప్పా?"

"టైము. ఆలస్యం యాడ జరుగుతాందో సూస్తాండా."

"మిషన్ ఉరుకుతానే ఉండాది గదా, దాన్ని కొలిస్తే ఏమొస్తాది? బండి నిలబడేకాడ కొలవాల."

"నిలబడేది యాడ?"

"నేను సెప్తే నమ్మవు. నేను గోతాలు కుట్టేటోన్ని. ఒక దినం రైతువై రా, నీ కాళ్ళే సెప్తాయి."

మొదట నవ్వాను. రెండో రోజు కూడా అదే మాట అన్నాడు. మూడో రోజు మా నాయన విని "పోయి సూడరా, ఊరికే ఉండావు గదా" అన్నాడు. ఊరికే ఉన్నానన్న మాట నన్ను పొడిచింది. సరే అన్నాను.

కాయలు లేవు కాబట్టి పది గోతాల్లో పోయినేటి పొట్టు నింపాం. ఒక ఎద్దుల బండి అడిగి తెచ్చాం. పెద్దాయన నా తలకు తువ్వాలు చుట్టి, చెప్పులు విప్పించి, వాటిని తీసుకుపోయి నా రూములో పెట్టి తాళం వేశాడు. "ఈ పొద్దు నువ్వు సావుకారువి కాదు. ఎవుర్నీ అదిలించగూడదు. యాడ నిలబడమంటే ఆడ నిలబడాల" అన్నాడు. మిగతావాళ్ళు ఎవరి పని వాళ్ళు, నిజంగా పంట వచ్చినట్టే చెయ్యాలి. అది మా ఒప్పందం. ఈ సంగతి ఎట్లా తెలిసిందో గానీ, పొద్దున ఎనిమిదికల్లా గోడ మీద జనం కూచున్నారు. కరువులో ఊరికి ఇంకేం పనుంది?

గేటు దగ్గర కాపలా ఖాసిం సాబు బండి ఆపాడు. "ఏ ఊరప్పా?" అని నన్నే అడిగాడు.

"కుందుర్పి" అన్నాను.

"అంత దూరం నించి ఈడికెందుకొచ్చినావు? మా సిన్న సావుకారు ఉత్త పిసినారోడు."

గోడ మీద జనం ఈలలు వేశారు. నేను పళ్ళు బిగబట్టాను. ఖాసిం సాబు వెనక్కి తిరిగి వాళ్ళకు దండం పెడుతూనే పది గోతాల మూతులూ విప్పించి, ఒకదాంట్లోకి చెయ్యి పోనిచ్చి, గుప్పెడు తీసి, అరచేతుల మధ్య నలిపి, ఉఫ్‌మని ఊది, నోట్లో పోసుకున్నాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. రెండుసార్లు నమిలాడు. మూడోసారికి ఆయన ముఖం చూడాలి! పొట్టంతా గడ్డానికి అంటుకుపోయింది. "అలవాటు సామీ, అలవాటు" అని ఉమ్ముకుంటూ నీళ్ళ తొట్టి దగ్గరికి పరిగెత్తాడు.

అంతవరకూ అది తమాషాగానే ఉంది. మా మిల్లులో మా తాత పెట్టిన ఒక కట్టుబాటు ఉండేది. మూతి విప్పిన గోతం మిల్లులో అడుగు కదలకూడదు. కదిలితే దోవలో కాయలు రాలతాయని, రాలినవి ఎవరో ఏరుకుంటారని ఆయన భయం. కాబట్టి ఖాసిం సాబు విప్పించిన పది గోతాలనూ పెద్దాయన మళ్ళీ కుట్టాలి. తలగుడ్డలోంచి సూది తీశాడు. ఒక్కోదానికి రెండు చెవులు, ఎనిమిది కుట్లు, ఒక ముడి. నేను ఎండలో నిలబడ్డాను.

తర్వాత ఎండబోసే కళ్ళం మేస్త్రి. ఖాసిం సాబుని చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాడు అతనే. పది గోతాలూ విప్పాడు, గుప్పెడు తీసి నలిపాడు, ఊదాడు, నవ్వుతూ నవ్వుతూనే నోట్లో పోసుకున్నాడు. మళ్ళీ ఇరవై చెవులు, ఎనభై కుట్లు. కాటా దగ్గర సుబ్బన్న తెలివైనవాడు. అన్నీ విప్పించాడు గానీ, తీసిన గుప్పెడు నోట్లో వేసుకోలేదు, చొక్కా జేబులో వేసుకున్నాడు. అందరూ తన జేబు వైపే చూస్తున్నారని తెలిశాక ఏమీ ఎరగనట్టు దులిపేసుకున్నాడు. మిషన్ నాగరాజు కూడా అన్నీ విప్పించి, పొట్టు నమిలి, మింగేసి, ముఖంలో ఏమీ కనబడనీయకుండా "బాగా ఎండినాయప్పా" అన్నాడు. ఆయన ధైర్యానికి గోడ మీద వాళ్ళు చప్పట్లు కొట్టారు.

మా నాయన పదీ విప్పించి వాసన చూశాడు. కుట్టించాడు. అది చాలక ఇంకోసారి విప్పించి చూశాడు. ఆ తర్వాత మామూలుగా అయితే ఏడో వంతు నాది. నేను రైతునై ఎండలో కాళ్ళు మార్చుకుంటున్నాను కాబట్టి, పెద్దాయనే వెళ్ళి నా కుర్చీలో కూచున్నాడు. పది గోతాలూ విప్పించాడు. ఒకదాంట్లోంచి ఒకే ఒక్క పొట్టు ముక్క తీసి, రెండు వేళ్ళతో పట్టుకుని, వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, పెదాలు ముందుకు పెట్టి, "ఊఁ... రెండో రకం" అన్నాడు.

అది నేనే. నా కన్ను, నా పెదాలు, నా గొంతు. అట్లా వెలుతురుకెత్తి చూస్తే ఏమి తెలుస్తుందో నాకూ తెలియదు, ఏదో పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్నాను. ఓబులమ్మ నవ్వి నవ్వి కింద కూచుండిపోయింది. మా నాయన దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. ఆయన భుజాలు ఊగుతున్నాయి.

పెద్దాయన నా కుర్చీలోంచి లేచి వచ్చి ఆ గోతాలను మళ్ళీ నిదానంగా కుట్టసాగాడు. అప్పటికి పొద్దు పడమటికి తిరిగింది. పొద్దుటి నుంచి ఎండలో, ఉత్త కాళ్ళతో, అందరి ముందూ నగుబాటై ఉన్నాను. నా ఓపిక తెగిపోయింది.

"ఏమి పెద్దాయనా, నిద్రపోతాండావా? ఎంతసేపు కుడతావు ఒక్క మూతిని? రేపే బత్తలపల్లె మాదిరి ఇంకో ఇద్దర్ని కుట్టేవాళ్ళని తెస్తా!"

ఆయన చెయ్యి నోటి దగ్గరికి పోయింది. పురికొస తీశాడు. గోడ మీద వాళ్ళు మెడలు చాచారు. నేను వెనక్కి తగ్గాను. కానీ ఆయన తిట్టలేదు, నవ్వాడు.

"ఇప్పుడు రైతు మాదిరి మాట్లాడినావు. తెచ్చుకోప్పా, ఇంకో ఇద్దర్ని తెచ్చుకో. కుట్టేటోళ్ళు ముగ్గురుండారని వీళ్ళు ఇంకో రెండుసార్లు ఎక్కువ ఇప్పుతారు. కుట్టేది నేను, సరే. ఇప్పేది ఎవురు?"

లోపల ఒక్క కాయ లేదు, ముందు ఒక్క బండి లేదు, అయినా పది గోతాల పొట్టుకు మా మిల్లులో పొద్దుటి నుంచి సాయంత్రం నాలుగు దాకా పట్టింది. నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. నిజం చెప్పాలంటే, ఆ పూట 'వేగం' అన్న అట్టను గోడ వైపుకు తిప్పేశాను.

మరుసటి రోజు అందరం షెడ్డులో కూచున్నాం. పెద్దాయన చెప్పింది చాలా చిన్న మాట. గేటు దగ్గరే గోతాలన్నీ ఒక్కసారి విప్పాలి. ఒక్కోదాంట్లోంచి గుప్పెడు తీసి ఒకే చాటలో పోయాలి. పరీక్ష చేసే మారాజులందరూ ఆ చాట దగ్గరికే రావాలి. ఆ తర్వాత ఒక్కసారి కుడతాడు. మిషన్ గరాటు దాకా ఇంక ఎవరూ ముట్టుకోకూడదు.

అబ్బా, ఎంత గొడవైందనుకున్నారు! ఆలస్యం గురించి ఎవరూ మాట్లాడలేదు. అందరికీ ఉన్నట్టుండి నాణ్యత మీద పట్టుదల పుట్టుకొచ్చింది. గేటు దగ్గర చూస్తే ఎండ తగలని కాయ సంగతి ఎట్లా తెలుస్తుందని మేస్త్రి అడిగాడు. కాటా మీద పెట్టినప్పుడు చేతికి తగిలే బరువే వేరని సుబ్బన్న వాదించాడు. నాగరాజు, మిషన్‌కి ఏ కాయ పడుతుందో నాలుకకే తెలుస్తుందన్నాడు. గుప్పెడు కాయలు పోతాయని మాత్రం ఒక్కరి నోటంట రాలేదు. నేను కూడా ఏదో నాణ్యత మాటే మాట్లాడాను, ఇప్పుడు చెప్పుకోవడానికి ఏముంది?

ఓబులమ్మ లేచి నిలబడింది. "మేము పొయ్యేటప్పుడు గేటు కాడ కొంగు దులిపి సూపీమంటారు. రెండు పప్పులు రాలితే దొంగలం. మీరు గుప్పెడు గుప్పెడు మింగితే మాత్రం పరీచ్చ. నోర్లు గూడా దులిపి సూపీండి సూద్దాం!"

పెద్దాయన సూది మొన చూసుకుంటూ మెల్లగా అన్నాడు.

"యాల తగాదా? పరీచ్చ అయిపోయినాక ఆ చాటలోవి యాంచి, మూడు గంటలకి టీతోపాటి అందరికీ పెట్టండి. ఆడోళ్ళకి గూడా. రైతుకి గూడా. వాని కాయలు వాడూ రెండు తినచ్చు గదా, తప్పేముండాది?"

మా నాయన సరేనన్నాడు. ఆ రోజుతోనే కొంగు దులిపించే ఆచారం కూడా పోయింది. మిగిలిన ఎండాకాలమంతా పొట్టు గోతాలతోనే అలవాటు చేసుకున్నాం. ఖాసిం సాబు ఇంకో మూడుసార్లు పొట్టు తిన్నాడు, ఆ తర్వాత మానేశాడు.

ఆ ఏడు వాన కురిసింది. గొప్ప పంటేమీ కాదు, కానీ పంట. మొదటి ట్రాక్టర్ పొద్దున తొమ్మిదికి వచ్చింది. పన్నెండుకల్లా పని ముగిసింది. రైతు కదలడే! వేయించిన కాయలు చేతిలో పట్టుకుని గేటు పక్కన గొంతుక్కూచున్నాడు.

"అయిపోయిందన్నా, పోవచ్చు" అన్నాను.

"ఇంత తొందరగా ఎట్లయితాది? ఏందో మోసం ఉండాది. నా గోతాలు ఇప్పి సూపీండి."

నేను తల పట్టుకున్నాను. పెద్దాయనే వచ్చి పక్కన కూచున్నాడు. "మోసమేమీ ల్యాప్పా. పగలే ఇంటికి పోయి నీ పెండ్లాం ముందర నిలబడు. ఆమె నమ్మితే నువ్వూ నమ్ము" అన్నాడు. వాడు గొణుక్కుంటూ పోయాడు. మరుసటి రోజు అదే ఊరి నుంచి నాలుగు ట్రాక్టర్లు వచ్చాయి.

టేపు మనిషి మళ్ళీ రాలేదు. ఓబులమ్మ వాళ్ళు బస్సెక్కలేదు. మా నాయన మండపం మాట ఎత్తలేదు. నేను ఆ సంతోషంలో ఉన్నాను. ఏదైనా కాగితం దొరికితే చాలు, దాని మీద బండ్లు ఎన్ని గంటలకు వచ్చాయో, ఎన్ని గంటలకు పోయాయో రాసుకుంటున్నాను. ఒకరోజు పదకొండు గంటలకు పెద్దాయన నీడలో కూచుని తన దుప్పటి చిరుగు కుట్టుకుంటున్నాడు. ఇంకో రోజు నా గోడ అట్టల అంచులు కుట్టి పెట్టాడు. పని తక్కువైందని సరదా పడుతున్నాడనుకున్నాను. ఓబులమ్మ చెప్పేదాకా నా బుర్రకు తట్టలేదు.

"ఆయనకి మూతికింతని గదా కూలి. ఏడు మూతులు ఒకటాయె. ఏమి తింటాడనుకున్యావు?"

నా ప్రాణం చచ్చిపోయింది. పరుగెత్తుకుంటూ పోయాను. పెద్దాయనా, గేటు దగ్గర చాట పరీక్ష నువ్వు చూడు, నెలకింతని ఇస్తానన్నాను. నోరు తెరిచి చిగుళ్ళు చూపించాడు. పోనీ ఊరికే కూచో, కూలి ఇస్తానన్నాను. "పని సేయకుండా కూచోబెట్టి కూలిస్తే నేను గూడా సావుకారునైపోతా. నాకొద్దప్పా" అన్నాడు. అప్పుడడిగాను, నీకు ఇట్లా అవుతుందని ముందే తెలియదా అని. "కుట్టేది నేనే గదా సామీ, ఎన్ని కుడతాండానో నాకి తెలియదా?" అని మళ్ళీ దుప్పటి మీదికి వంగాడు.

మిల్లు నిలబడింది. అందరి పనీ నిలబడింది, ఆయనది తప్ప. ఆ సంగతి ఆయనకు మొదటి రోజే తెలుసు. నాకు తెలియడానికి సగం పంట పట్టింది. డిప్లొమా చదివినవాణ్ణి నేను.

ఆ తర్వాత వారం నుంచి ఆయన రాలేదు. ఇంటికి మనిషిని పంపితే పనికి పోయినాడని చెప్పారు. ఎక్కడికో చెప్పలేదు. నెల రోజుల తర్వాత ధర్మవరం పోతూ, బత్తలపల్లె మిల్లు ముందు బస్సు ఆగితే కిటికీలోంచి చూశాను. షెడ్డు కింద తలగుడ్డ, దాంట్లో సూది. బస్సు దిగేశాను.

"పెద్దాయనా, ఇదేం పని? రా పోదాం. మన మిల్లులో కనీసం మూడుసార్లన్నా విప్పమంటా" అన్నాను. అన్న తర్వాత నాకే తెలివిలేని మాటని తెలిసింది.

"నాకోసరం రైతుని ఎండలో నిలబెడతావా? ఆ దినం కాళ్ళు కాలింది మరిసిపోయినావా?" అని కసిరాడు. అంతలోనే కళ్ళు చిట్లించి, నా వైపు వంగి, గుసగుసగా చెప్పాడు. "ఈడ తొమ్మిదిసార్లు ఇప్పుతాండారు సామీ. ముగ్గురం కుట్టినా సాలడంల్యా. సల్లగా ఉండాల వీళ్ళు. నువ్వు మాత్రం వీళ్ళకి సెప్పాకు."

ఆ మిల్లు సావుకారు నెల తిరక్కముందే ఒక పెళ్ళిలో నన్ను పట్టుకున్నాడు. "ఏమన్నా, మీ కాడ బండి మధ్యాన్నానికే బయటపడతాందంట, ఏమి సేసినారు?" అని అడిగాడు. ఆ కాలంలో ఊరూరా వాస్తు పిచ్చి. నేను అటూ ఇటూ చూసి, ఎవరికీ చెప్పకూడని రహస్యంలా ఆయన చెవిలో చెప్పాను. "గేటు తూర్పుకి జరిపినామన్నా. అంతే."

మా గేటు మా తాత కట్టినచోటే ఉంది. ఆయన వచ్చి చూస్తాడేమోనని కొన్నాళ్ళు భయపడ్డాను. రాలేదు. నెల రోజుల్లో ప్రహరీ పగలగొట్టి, తూర్పు వైపు కొత్త గేటు పెట్టించి, దాని పక్కనే కుట్టేవాళ్ళకు కొత్త షెడ్డు కూడా వేయించాడు. గోతాలు మాత్రం తొమ్మిదిసార్లూ విప్పుతూనే ఉన్నారు.

మళ్ళీ ఆ దారిన పోయినప్పుడు పెద్దాయన నన్ను దూరం నుంచే గుర్తుపట్టాడు. దగ్గరికి పోయేదాకా కుట్టు ఆపలేదు. ఎనిమిదో కుట్టు వేసి, ముడి బిగించి, నా ముఖం వైపు చూశాడు. గేటు సంగతి ఎవరి పనో ఆయనకు ఎవరూ చెప్పక్కరలేదు.

"ఏమప్పా సిన్న సావుకారూ, బాగనే ఉండాది నీ వాస్తు. అయితే పొద్దున పూట ఎండ సక్కగా నా మొహానే కొడతాంది. ఈతూరి అడిగినారంటే ఉత్తరానికి జరపమని సెప్పు."

ఊరు చేరగానే వాళ్ళ సావుకారుకు ఫోన్ చేశాను.